బ్యాండ్ కొన్నాక ఫోన్ చార్జింగ్ సాయంత్రం దాకా ఆగడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను జడ్పీ హైస్కూల్లో టీచర్ని. రోజూ ఎంత నడుస్తున్నానో తెలుస్తుందని రెండు నెలల క్రితం ఫిట్‌నెస్ బ్యాండ్ కొన్నాను. అంతకుముందు ఉదయం 7కి నూరు శాతం చార్జింగ్‌తో మొదలైతే రాత్రి పడుకునే వేళకు ఇంకా 25, 30 శాతం మిగిలేది. ఇప్పుడు సాయంత్రం 5 గంటలకే 15 శాతానికి దిగిపోతోంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో చూస్తే అన్నిటికన్నా పైన బ్యాండ్ యాప్ 34 శాతం అని ఉంది. ఆదివారాలు మాత్రం ఇంత దారుణంగా ఉండదు. మా అబ్బాయి ఆ యాప్‌ను ‘రిస్ట్రిక్టెడ్’లో పెట్టాడు. ఖర్చు తగ్గలేదు సరికదా పెరిగింది, పైగా కాల్ వస్తే బ్యాండ్ మోగడం కూడా మానేసింది. బడిలో ఉన్నంతసేపు ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో బ్యాగులోనే ఉంటుంది. మూడేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఇంతకుముందు వేరే కంపెనీ బ్యాండ్ ఒకటి వాడాను, అది ఏడాది కిందట పాడైంది. ఇప్పుడు ఫోన్ బ్యాటరీ మార్పించాలా, బ్యాండ్ మానేయాలా?
— ఒక టీచర్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండూ ఇప్పుడే వద్దు. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఆదివారాలు ఇబ్బంది తక్కువ అన్నారు. బడిలో ఫోన్ స్టాఫ్‌రూమ్‌లో ఉంటుందన్నారు. అంటే బడి ఉన్న రోజుల్లో బ్యాండ్ మీ చేతితో పాటు క్లాసులు తిరుగుతుంటే ఫోన్ మాత్రం ఒక్కచోటే ఉంటోంది. చార్జింగ్ ఖర్చవుతున్నది బ్యాండ్‌తో మాట్లాడటానికి కాదు, కనబడని బ్యాండ్‌ను వెతకడానికి.

ముందు ఆ 34 శాతం సంగతి తేల్చుకుందాం. చాలా ఫోన్లలో ఈ అంకె మొత్తం బ్యాటరీలో 34 శాతం అని కాదు, అప్పటిదాకా ఖర్చయినదాంట్లో 34 శాతం అని. మీ ఫోన్ 100 నుంచి 15కి వచ్చింది, అంటే 85 ఖర్చయింది. అందులో 34 శాతం దాదాపు 29. ఆ యాప్ నిజంగా మింగింది 29 శాతం బ్యాటరీ, మీ ఫోన్‌లో అది 1450 ఎంఏహెచ్. అదే 34 శాతం ఏ తెల్లవారుజామునో ఫోన్ 100 నుంచి 95కి దిగినప్పుడు కనిపించి ఉంటే రెండు శాతం కూడా కాదు, పట్టించుకోనక్కర్లేదు. కొన్ని కంపెనీలు మొత్తం బ్యాటరీలో వాటాగానే చూపిస్తాయి. తేడా తెలుసుకోవడం తేలిక: ఆ లిస్టులోని అంకెలన్నీ కూడండి. మొత్తం వందకు దగ్గరగా వస్తే అది ఖర్చులో వాటా, 85 దగ్గర ఆగితే బ్యాటరీలో వాటా. మీది ఏ లెక్కయినా ఎక్కువే.

అదే పేజీలో యాప్ పేరు మీద నొక్కితే స్క్రీన్ మీద ఎంతసేపు ఉంది, బ్యాక్‌గ్రౌండ్‌లో, అంటే తెర వెనక, ఎంతసేపు ఉంది అని రెండు సమయాలు కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో పది గంటలు అని చూసి చాలామంది హడలిపోతారు. బ్యాండ్ యాప్ రోజంతా కనెక్షన్ పట్టుకుని ఉండాలి కాబట్టి ఆ సమయం ఎక్కువగానే ఉంటుంది, అది దానికదే తప్పు కాదు. ఆ పది గంటల్లో ఫోన్ ప్రాసెసర్‌ను ఎంతసేపు నిద్రపోనివ్వకుండా చేసిందన్నదే అసలు లెక్క. ఇలా యాప్ ప్రాసెసర్‌ను మేలుకొలిపి ఉంచడాన్ని వేక్‌లాక్ అంటారు. స్క్రీన్ ఆపి ఉన్నప్పుడు 24 గంటల్లో అన్నీ కలిపి 2 గంటలు దాటితే అతి అని డెవలపర్లకు గూగుల్ పెట్టిన కొలత.

ఇక బ్యాండ్ సంగతి. ఇవి వాడేది ‘బ్లూటూత్ లో ఎనర్జీ’, అంటే తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ పద్ధతి, 2010లో బ్లూటూత్ 4.0తో పాటు వచ్చింది. ఇందులో ఫోను, బ్యాండు అదే పనిగా మాట్లాడుకోవు. ముందే ఒప్పుకున్న విరామానికి ఒకసారి పలకరించుకుని మళ్లీ రేడియో ఆపేస్తాయి. ఆ విరామం 7.5 మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. చెప్పడానికేమీ లేకపోతే బ్యాండ్ కొన్ని పలకరింపులకు బదులివ్వకుండా ఊరుకోవడానికి కూడా వీలుంది. ఒక్కసారి ఆలోచించండి, మామూలు బ్యాండ్లలో ఉండే బ్యాటరీ 100 నుంచి 250 ఎంఏహెచ్ మధ్య. అంత చిన్న బ్యాటరీ అదే కనెక్షన్‌ను మోస్తూ, మీ గుండె వేగం కొలుస్తూ, వారం రోజులు నడుస్తోంది. 5000 ఎంఏహెచ్ ఫోన్‌కు ఆ కనెక్షన్ భారమవుతుందా?

భారమయ్యేది కనెక్షన్ తెగాక. పక్కన కూర్చున్న పిల్లాడితో మాట్లాడితే గొంతు నొప్పి రాదు, వీధి చివరికి వెళ్లి కనబడకుండా పోయినవాణ్ని పిలిచి పిలిచే గొంతు పోతుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను గోడలు, శ్లాబు, ఆఖరికి మన ఒళ్లు కూడా పీల్చేసుకుంటాయి. ఆటస్థలంలో చాలా దూరం అందే సిగ్నల్ రెండు గోడలు, ఒక అంతస్తు దాటేసరికి పది మీటర్లకు కూడా అందకపోవచ్చు. తెగిన కనెక్షన్‌ను మళ్లీ ఎలా పట్టుకోవాలన్నది యాప్ రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. బాగా రాసిన యాప్ ‘ఈ బ్యాండ్ కనిపిస్తే నన్ను లేపు’ అని ఆ పనిని బ్లూటూత్ చిప్‌కు అప్పగించి తాను నిద్రపోతుంది. ఖర్చు నామమాత్రం. సరిగా రాయని యాప్ తానే మేలుకుని, చుట్టుపక్కల ఏమున్నాయో పదేపదే స్కాన్ చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్కాన్‌కు ప్రధానంగా మూడు స్థాయులున్నాయి: రేడియో పది శాతం సమయం తెరిచి ఉండేది, 25 శాతం ఉండేది, నూరు శాతం ఉండేది. త్వరగా దొరకాలన్న ఆత్రంలో చివరిదాన్ని ఎంచుకున్న యాప్‌తో ఏడు గంటలు గడిపితే మీకు వచ్చిన లెక్కే రావచ్చు.

అన్నిటికన్నా చెడ్డది పూర్తిగా దూరం కావడం కాదు, అంచున ఉండటం. స్టాఫ్‌రూమ్ పక్క క్లాసులో మీరు పాఠం చెబుతూ అటూ ఇటూ నడిచినప్పుడు కనెక్షన్ తెగుతుంది, కలుస్తుంది, మళ్లీ తెగుతుంది. కలిసిన ప్రతిసారీ బ్యాండ్‌లో ఏమేం సేవలున్నాయో అడగడం, ఎన్‌క్రిప్షన్ (సమాచారం ఇతరులకు అర్థం కాకుండా మార్చే ఏర్పాటు) సరిచూసుకోవడం, టైమ్ సరిచేయడం, వాతావరణం పంపడం, అప్పటిదాకా పోగైన అడుగులు, గుండె వేగం లెక్కలు తెచ్చుకోవడం, వాటిని ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్‌కు ఎక్కించడం, ఇదంతా మొదటి నుంచి జరుగుతుంది. స్టాఫ్‌రూమ్‌లో మొబైల్ సిగ్నల్ ఒక గీత మాత్రమే ఉంటే ఆ చివరి పని మరీ ఖరీదు.

మీ అబ్బాయి చేసిన పని ఎందుకు ఎదురు తిరిగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ‘రిస్ట్రిక్టెడ్’ అంటే యాప్ తెర మీద లేనప్పుడు ఆండ్రాయిడ్ దాన్ని పనిచేయనివ్వదు, వీలైతే ఆపేస్తుంది. దాంతో బ్యాండ్ కనెక్షన్ తెగుతుంది. మీరు యాప్ తెరిచినప్పుడో, వేరే కారణంతోనో అది మళ్లీ లేస్తుంది. లేవగానే పైన చెప్పిన తతంగమంతా చేస్తుంది, కాసేపటికి మళ్లీ ఆగిపోతుంది. కాల్స్ బ్యాండ్‌కు రాకపోవడానికీ ఇదే కారణం, ఆ సమాచారం చేరవేయాల్సిన యాప్ ఆగిపోయి ఉంటుంది. ఫేస్‌బుక్ లాంటి యాప్‌కు ఈ మందు పనిచేస్తుంది. బ్యాండ్ యాప్‌కు పనిచేయదు. ర్యామ్ క్లీనర్, బ్యాటరీ సేవర్ అని విడిగా వేసుకున్న యాప్‌లు ఉంటే అవీ ఇదే పని చేస్తాయి కాబట్టి తీసేయండి.

మొదట చేయాల్సింది ఆ ఆంక్షను వెనక్కి తీసుకోవడం. యాప్ ఐకాన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే వచ్చే ‘యాప్ ఇన్ఫో’లోకి వెళ్లి, ‘బ్యాటరీ’లో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. అది వినడానికి భయంగా ఉంటే కనీసం ‘ఆప్టిమైజ్డ్’. కంపెనీని బట్టి పేర్లు మారతాయి. రెడ్‌మీ, పోకో, షావోమీల్లో బ్యాటరీ సేవర్ దగ్గర ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టి, ‘ఆటోస్టార్ట్’ కూడా ఆన్ చేయాలి. రెండోది మరిచిపోతే మొదటిది పెట్టినా ఫలితం ఉండదు. రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్‌లలో ‘అలో ఆటో లాంచ్’, ‘అలో బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ’ రెండూ. వివోలో బ్యాటరీ సెట్టింగ్స్ లోపల బ్యాక్‌గ్రౌండ్ పవర్ వాడకం అనే చోట ఈ యాప్‌కు అనుమతి ఇవ్వాలి. శాంసంగ్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్’లోకి వెళ్లి, ‘స్లీపింగ్’, ‘డీప్ స్లీపింగ్’ జాబితాల్లో ఈ యాప్ ఉంటే తీసేసి, ఎప్పటికీ నిద్రపుచ్చకూడని యాప్‌ల జాబితాలో చేర్చండి.

ఇప్పుడు బడి వేళల సంగతి. ఫోన్ మీ దగ్గర ఉంచుకోవడం కుదరదు కాబట్టి, స్టాఫ్‌రూమ్‌లో బ్యాగు పెట్టేటప్పుడు ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి, సాయంత్రం బయల్దేరేటప్పుడు ఆన్ చేయండి. అంతే. బ్లూటూత్ లేకపోతే అడుగులు లెక్కలోకి రావేమోనని అనుమానం అక్కర్లేదు. అడుగులు లెక్కపెట్టేది బ్యాండ్‌లోని మోషన్ సెన్సర్, దాచుకునేది బ్యాండ్ మెమరీ. మామూలుగా కొన్ని రోజుల వివరాలు అందులో నిలుస్తాయి. ఉదాహరణకు ఫిట్‌బిట్ బ్యాండ్లలో చాలావరకు నిమిషం నిమిషం లెక్కను ఏడు రోజుల దాకా దాచుకుంటాయి. ఇంటికొచ్చాక యాప్ తెరిచి పై నుంచి కిందికి లాగితే అంతా ఒక్కసారే వచ్చేస్తుంది. కాల్స్ ఎలాగూ క్లాసులో మీ చేతికి అందడం లేదు, కాబట్టి పోయేదీ లేదు.

బ్లూటూత్ ఆపినా ఒకటి మిగిలిపోతుంది. సెట్టింగ్స్, లొకేషన్, లొకేషన్ సర్వీసెస్‌లో ‘బ్లూటూత్ స్కానింగ్’ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే బ్లూటూత్ ఆపేసినా చోటు కనిపెట్టడం కోసం ఫోన్ అప్పుడప్పుడు స్కాన్ చేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేయండి. కొన్ని కొత్త ఫోన్లలో బ్లూటూత్ ఆపేటప్పుడు మర్నాడు దానంతటదే ఆన్ అవ్వాలా అని అడుగుతుంది, మీకు ఇష్టమైతే ఉంచుకోవచ్చు, కానీ బడికి వెళ్లాక మళ్లీ ఆపడం గుర్తుండాలి. యాప్‌లో ‘బ్యాండ్ దూరమైతే హెచ్చరించు’ అనే సదుపాయం ఉంటే అదీ ఆఫ్ చేయండి.

లొకేషన్ అనుమతి ఒకసారి చూడాలి. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలను స్కాన్ చేయడానికే లొకేషన్ అనుమతి అవసరమయ్యేది, అందుకే యాప్‌లన్నీ అడిగేవి, మనమూ ఇచ్చేశాం. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైజెస్’ అని వేరే అనుమతి వచ్చింది. అయినా చాలా యాప్‌లు వాతావరణం చూపించడానికని లొకేషన్‌ను ‘అలో ఆల్ ద టైమ్’లో అడుగుతూనే ఉన్నాయి. మీది 12 లేదా ఆపై వెర్షన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచి లొకేషన్ మీద నొక్కండి. గత 24 గంటల్లో ఏ యాప్ ఏ సమయంలో మీరెక్కడున్నారో అడిగిందో వరుసగా కనిపిస్తుంది. బ్యాండ్ యాప్ పేరు ప్రతి పావుగంటకో అరగంటకో కనిపిస్తే వాతావరణం కోసమే అనుకోవచ్చు. బయట ఎండ ఎంతుందో మీ జిల్లాలో చేతికి బ్యాండ్ లేకపోయినా తెలుస్తుంది. లొకేషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’కి మార్చండి, యాప్‌లో వాతావరణాన్ని ఆపండి లేదా ఊరి పేరు చేత్తో టైప్ చేయండి.

ఇక్కడ ఒక చిక్కుంది. మీ బ్యాండ్‌లో సొంత జీపీఎస్ లేకపోతే, బ్యాండ్ మీద ‘అవుట్‌డోర్ వాక్’ నొక్కినప్పుడు అది ఫోన్ జీపీఎస్ వాడుకుంటుంది. లొకేషన్ అనుమతి తగ్గిస్తే కొన్ని యాప్‌లు అలా బ్యాండ్ నుంచి మొదలుపెట్టిన నడకకు దారి గీత చూపించవు. అప్పుడు నడకను ఫోన్‌లో యాప్ తెరిచి మొదలుపెడితే సరిపోతుంది. అడుగులు మాత్రమే కావాలనుకుంటే అదీ అక్కర్లేదు. నడక అయ్యాక ‘స్టాప్’ నొక్కడం మరిచిపోతే జీపీఎస్ గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది, చార్జింగ్ ఒక్కసారిగా పడిపోయిన రోజున ముందు అనుమానించాల్సింది దీన్నే.

నోటిఫికేషన్ల గురించి అందరూ ఎక్కువ చెబుతారు, ఫోన్ వరకు అది చిన్న విషయమే. వాట్సాప్ గ్రూపుల సందేశాలన్నీ బ్యాండ్‌కు పంపితే ఎక్కువగా నష్టపోయేది బ్యాండ్ బ్యాటరీ, ప్రతిసారీ బ్యాండ్‌ను అదిరించే మోటారు కదలాలి, తెర వెలగాలి. కాల్స్, ఎస్ఎంఎస్, అవసరమైతే వాట్సాప్ ఉంచి మిగతావి తీసేయండి. గుండె వేగం ఎన్ని నిమిషాలకోసారి కొలవాలన్నదీ బ్యాండ్ బ్యాటరీ గొడవే, మీ ఫోన్‌తో దానికి పెద్దగా సంబంధం లేదు.

ఫోన్‌కు నిజంగా సంబంధించినది పాత యాప్. పాడైన బ్యాండ్ తాలూకు యాప్ ఇంకా ఫోన్‌లో ఉందా? ఉంటే అది ఏడాదిగా లేని బ్యాండ్ కోసం చూస్తూ ఉండొచ్చు. యాప్‌లో ఆ బ్యాండ్‌ను అన్‌పెయిర్ చేసి (అంటే ఫోన్‌తో జోడీ విడదీసి), బ్లూటూత్ జాబితాలో దాని పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కి, తర్వాత యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఒకే బ్యాండ్‌ను రెండు యాప్‌లకు కలిపినవాళ్లకు ఇంకా ఇబ్బంది: ఒకటి పట్టుకున్న కనెక్షన్‌ను రెండోది లాక్కుంటూ ఉంటుంది. కొన్నది బ్యాండ్ కాక బ్లూటూత్ కాలింగ్ ఉన్న వాచ్ అయితే, అది ఫోన్‌తో రెండు కనెక్షన్లు పెట్టుకుంటుంది, లెక్కలకు ‘లో ఎనర్జీ’, మాటలకు మామూలు బ్లూటూత్. వాచ్‌లో మాట్లాడే అలవాటు లేకపోతే కాలింగ్‌ను ఆపేయండి.

ఈ మార్పులు పనిచేశాయో లేదో ఊహించుకోకుండా కొలవండి. బడి ఉన్న ఒక రోజు ఎప్పటిలా, మరో రోజు బ్లూటూత్ ఆపి, రెండు రోజులూ స్టాఫ్‌రూమ్‌లో పెట్టేటప్పుడు ఎంతుంది, తీసేటప్పుడు ఎంతుంది అని రాసుకోండి. తేడా చాలావరకు అక్కడే కనిపించాలి. కనిపించకపోతే రాత్రి పరీక్ష: ఇంట్లో వైఫై ఉంటే దాని మీద, లేకపోతే ఒకే చోట, చార్జర్ పెట్టకుండా, బ్యాండ్ చేతికి ఉంచుకుని ఫోన్ మంచం పక్కన పెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నాలుగు నుంచి ఆరు శాతం దిగితే ఆరోగ్యంగా ఉన్నట్టే. పన్నెండు, పదిహేను దిగితే రెండో రాత్రి యాప్ ఇన్ఫోలో ‘ఫోర్స్ స్టాప్’ నొక్కి పడుకోండి, మూడో రాత్రి బ్లూటూత్ కూడా ఆపండి. రెండో రాత్రి ఖర్చు సగానికి పడితే దోషం యాప్‌దే. మూడు రాత్రులూ ఒకేలా ఉంటే బ్యాండ్‌ను వదిలేసి మొబైల్ సిగ్నల్ బలహీనంగా ఉందేమో, వేరే యాప్ ఏదైనా మేలుకుని ఉందేమో చూడండి. ‘ఫోర్స్ స్టాప్’ చేసిన యాప్‌ను ఉదయం ఒకసారి తెరవడం మరవొద్దు, తెరిచేదాకా అది లేవదు.

దోషం యాప్‌దేనని తేలితే మొదటి నుంచి కలపాలి, ఇందులో వరుస ముఖ్యం. ముందు సింక్, అంటే బ్యాండ్‌లోని లెక్కలన్నీ యాప్‌లోకి తెచ్చుకోవడం, పూర్తి చేయండి. యాప్‌లో మీరు ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో రాసిపెట్టుకోండి. తర్వాత యాప్ లోపలి నుంచే ‘అన్‌పెయిర్’ లేదా ‘అన్‌బైండ్’ చేయండి, చాలా బ్యాండ్లు ఈ దశలో ఖాళీ అయిపోతాయి, అందుకే సింక్ ముందు. ఆపైన బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ‘ఫర్గెట్’, యాప్ అన్‌ఇన్‌స్టాల్, ఫోన్ రీస్టార్ట్. యాప్ మళ్లీ వేసుకుని, బ్యాండ్‌ను యాప్ ద్వారానే కలపండి, బ్లూటూత్ జాబితాలో కనిపించింది కదా అని అక్కడ నొక్కొద్దు. కలిశాక యాప్ ఒక అప్‌డేట్ అడిగితే, బ్యాండ్‌లో సగానికి పైగా చార్జింగ్ ఉండగా అది పూర్తి కానివ్వండి. యాప్ ఇన్ఫోలో ‘క్లియర్ క్యాష్’ నొక్కినా ప్రమాదం లేదు, పక్కనే ఉండే ‘క్లియర్ స్టోరేజ్’ నొక్కితే లాగిన్ పోతుంది, సింక్ కాని లెక్కలు పోవచ్చు.

బ్యాటరీ మార్పిడి గురించి. మూడేళ్ల బ్యాటరీ కొంత అరిగే ఉంటుంది. 80 శాతానికి వచ్చిందనుకుంటే మీ 5000 ఇప్పుడు 4000 కింద లెక్క. కానీ ఆ అరుగుదల నెలల మీద నెమ్మదిగా తెలుస్తుంది, బ్యాండ్ వచ్చిన వారంలో ఊడిపడదు. 20 శాతం దగ్గర ఫోన్ హఠాత్తుగా ఆగిపోవడం, కెమెరా తెరిస్తే ఆఫ్ అయిపోవడం ఉంటే అప్పుడు మార్పించండి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

ఐఫోన్ వాడే మీ సహోద్యోగులకు ఇదే ఇబ్బంది ఉంటే, వాళ్లు చూడాల్సింది సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ, ఆ యాప్ లొకేషన్ ‘ఆల్వేస్’లో ఉందా అన్నది. యాప్‌ను పైకి తోసి మూసేసే అలవాటు మానాలి. అలా మూసిన యాప్‌ను బ్యాండ్ కోసం ఐఫోన్ తిరిగి లేపదు, మళ్లీ తెరిచేవరకు సింక్, దానితో పాటు యాప్ చేసే మిగతా పనులన్నీ ఆగిపోతాయి.